నలభై ఒక్క పచ్చట్ట పుస్తకాలు

మా ఇంట్లో ఒకే పుస్తకం ప్రతులు నలభై ఒకటి ఉండేవి. ఇనుప బీరువా పై అరలో పదిహేడు, కింది అరలో ఇరవై నాలుగు. అన్నీ పచ్చటి గుడ్డ అట్టవే. పుస్తకం పేరు ‘మన నేల మీద పాకేవి, నీళ్ళలో దూకేవి’. అడవుల శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఇక్కడి కప్పల గురించీ, పాముల గురించీ, తొండల గురించీ రాసి, సుమారు యాభై ఏళ్ళ కిందట ఒక చిన్న ప్రెస్సులో అయిదువందల ప్రతులు అచ్చు వేయించుకున్నాడు. అంత పొడుగు పేరు పలికే ఓపిక లేక అమ్మ దాన్ని పచ్చట్ట పుస్తకం అనేది. మాకూ అదే అలవాటైంది.

నాన్న కాలేజీలో జంతుశాస్త్రం ల్యాబు అటెండరు. సీసాల్లో తేలే కప్పలకీ పాములకీ ముప్పై అయిదేళ్ళపాటు ఆయనే దిక్కు. మందు తగ్గితే పోసేవాడు, చీటీల మీద అక్షరాలు వెలిసిపోతే మళ్ళీ రాసేవాడు. పాఠం ఒక్కటీ చెప్పకపోయినా అందరూ ఆయన్ని సీసాల మాస్టారు అనేవాళ్ళు. ఆయన దగ్గర పాత పుస్తకాలు ఇంకా చాలా ఉండేవి. చేత్తో రంగులద్దిన కప్పల బొమ్మలది ఒకటి, తాబేళ్ళ మీద ఎవరో వైద్యుడు రాసింది ఒకటి, అట్ట ఊడిపోతే దారంతో కట్టి ఉంచిన బల్లుల జాబితా ఒకటి. ఆదివారం చేతులు కడిగించి, తువ్వాలుతో తుడిపించి, వాటిని నా ముందు పెట్టేవాడు. బుగ్గలు పూరించి కూతపెడుతున్న ఒక కప్ప బొమ్మంటే నాకు ప్రాణం. దాన్ని చూసి నేనూ బుగ్గలు పూరించేదాన్ని. పచ్చట్ట పుస్తకాలు మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు.

“ఒకే పుస్తకం ఇన్నెందుకు నాన్నా?” అని అడిగితే, “దొరకవమ్మా, అందుకు” అనేవాడు. దొరకనివి ఇన్నెలా వచ్చాయని మళ్ళీ అడగబోతే అమ్మ కళ్ళతోనే వద్దనేది.

వాటికోసం ఆయన తిరగని పాత పుస్తకాల దుకాణం లేదు. అయితే కొన్నేళ్ళుగా ఒక చిక్కు వచ్చిపడింది. ఎక్కడికి వెళ్ళినా, “అయ్యో మాస్టారూ, మొన్ననే ఒకావిడ పట్టుకుపోయింది” అనే మాట వినబడుతోంది. ఎవరో పెద్దావిడ, పచ్చట్ట పుస్తకం తప్ప మరోటి అడగదట. నాన్న ఆమెకి పచ్చట్ట దొంగ అని పేరు పెట్టాడు.

“మీకు జోడీగా ఇంకో పిచ్చిది దొరికిందన్నమాట. ఇద్దరూ కలిసి ఒక దుకాణం పెట్టేసుకోండి” అంది అమ్మ. నాన్న నవ్వలేదు. ఆ పుస్తకం విషయంలో ఆయన ఎప్పుడూ నవ్వేవాడు కాదు.

పోయిన ఏడాది వానలు మొదలైన రోజుల్లో ఒక శనివారం పొద్దున దుమ్ము బాబాయ్ ఫోన్ చేశాడు. ఆయన కోర్టు వెనక సందులో పాత పుస్తకాలు అమ్ముతాడు. పుస్తకం ఇచ్చేముందు రెండు అట్టలూ చప్పట్లలా కొట్టి, దుమ్మంతా మన మొహానే దులుపుతాడు.

“మాస్టారూ, ఒక బడి మూసేశారు. లైబ్రరీ మొత్తం మూటలు కట్టి నాకు పంపించారు. అందులో మీ పచ్చట్ట ఒకటుంది. ఆవిడకి కూడా చెప్పాను, ఏమనుకోకండి. ఇద్దరూ నాకు ఏళ్ళ నాటి వాళ్ళే. ఒకరికి చెప్పి ఇంకొకరికి మానలేను.”

నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బయటికి వచ్చేశాడు. నేను డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్ళకి కారు నేర్పుతాను. ఆ రోజు పొద్దుటి క్లాసు వాయిదా వేసి, స్కూలు కారులోనే ఆయన్ని తీసుకెళ్ళాను. దారిలో మూడుసార్లు, “కాస్త తొందరగా పోనీవే” అన్నాడు.

మేం వెళ్ళేసరికి ఆవిడ వచ్చేసి ఉంది. చిన్న మనిషి, నెరిసిన జుట్టు బిగించి ముడివేసుకుంది. చంకలో గుడ్డసంచి. బల్ల మీద ఆమె ముందు పచ్చట్ట పుస్తకం.

“అది నాకు చెప్పిన పుస్తకమండీ” అన్నాడు నాన్న, రొప్పుతూ.

“అలాగా, మీరే తీసుకోండి అన్నయ్యగారూ” అంది ఆవిడ. “నాకు పుస్తకం అక్కర్లేదు. ఒక్క పది నిమిషాలు నా దగ్గర ఉండనివ్వండి, చాలు.”

అన్నయ్యగారూ అన్న ఆ పిలుపుకో, పుస్తకం అక్కర్లేదన్నందుకో, నాన్న పుస్తకం వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆవిడ సంచిలోంచి సన్నటి కుంచె, జిగురు డబ్బా, ఒక పల్చటి బద్ద, చిన్న సీసాలో నీళ్ళు తీసింది. పేజీలు వెతకలేదు. బొటనవేలితో ఒక్కసారి విప్పితే సరిగ్గా తనకి కావలసిన చోటే తెరుచుకుంది.

ఆ పుస్తకంలో ప్రతి రంగు బొమ్మకీ ముందు ఒక పల్చటి కాగితం ఒక అంచున అంటించి ఉంటుంది. బొమ్మ పేరూ, నాలుగు ముక్కల వివరమూ ఆ పల్చటి కాగితం మీదే అచ్చయి ఉంటాయి. ఆవిడ తెరిచినవి పద్నాలుగో బొమ్మ, పదిహేనో బొమ్మ. రెండూ నల్లటి పాములే, రెంటికీ ఒంటి నిండా తెల్లటి పట్టీలే. తెలియని కంటికి కవల పిల్లల్లా ఉంటాయి. ఒకటి కట్లపాము. రెండోది దాని వేషం వేసుకుని తిరిగే, విషం లేని పాము. ఆ ప్రతిలో కట్లపాము బొమ్మ మీదున్న కాగితం ఇలా చెబుతోంది: ‘విషము లేదు. మనుష్యులకు హాని చేయదు.’

ఆవిడ కుంచెతో కాగితాల అంచులు తడిపింది. నానేదాకా ఓపిగ్గా ఆగింది. బద్దతో రెంటినీ చిరగకుండా లేపి, దీన్ని అక్కడా, దాన్ని ఇక్కడా పెట్టి, వేలి కొసతో అంచు వెంబడి నొక్కుకుంటూ వచ్చింది. నాన్న ఆ చేతుల్నే చూస్తున్నాడు.

“తారుమారయ్యాయని మీకెలా తెలుసు?” అన్నాడు చివరికి.

“వీటిని అంటించింది నేనే కాబట్టి” అంది ఆవిడ, తలెత్తకుండానే.

నాన్న వెనక్కి తిరిగి బయటికి నడిచాడు. “మాస్టారూ, పుస్తకం!” అని దుమ్ము బాబాయ్ కేకేసినా ఆగలేదు. ఏం జరిగిందో అర్థంకాక నేను ఆయన వెంట వెళ్ళబోతుంటే ఆవిడ ఒక చీటీ మీద అడ్రసు రాసి నా చేతిలో పెట్టింది.

“మీ నాన్నగారి దగ్గర ఇంకా ఉంటే చెప్పమ్మా. నేనే వచ్చి సరిచేసి వెళ్తాను.”

కారెక్కి నాన్న తలుపు వేసుకున్నాడు. నేను కారు తియ్యలేదు. అద్దం మీద సన్నటి వాన పడుతోంది.

“మీ మేనత్త ఎలా పోయిందో తెలుసుగా?” అన్నాడు.

“పాము కరిచి.”

“ఆఁ, పాము కరిచి” అని, మిగతాది చెప్పాడు. ముప్పై ఎనిమిదేళ్ళొచ్చాక నేను ఆ మాటలు మొదటిసారి విన్నాను.

అప్పటికి నాన్నకి ఇరవై నాలుగు, కాలేజీలో చేరి నాలుగు నెలలు. అత్తకి పంతొమ్మిది. చాప మీద పడుకున్న అత్త తెల్లవారుతుండగా లేచి, “అన్నయ్యా, దుప్పట్లో ఏదో మెత్తగా కదిలింది” అంది. మోచేతి మీద సూది గుచ్చినట్టు రెండు చుక్కలు. నొప్పి లేదు, వాపు లేదు. ట్రంకుపెట్టె కింద పాము కనబడింది. తాతయ్య బండి మాట్లాడుకొస్తానని చొక్కా తొడుక్కున్నాడు. నాన్న ఆయన్ని ఆగమని, తను సొంతానికి కొనుక్కున్న మొట్టమొదటి పుస్తకాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. కర్రతో పామును వెలుతురులోకి లాగి బొమ్మతో పోల్చాడు. పట్టీలు కూడా లెక్కపెట్టాడు.

“విషం లేనిదే నాన్నా, పుస్తకంలో ఉంది” అన్నాడు.

తాతయ్య చొక్కా విప్పేశాడు. “మా అన్నయ్య ప్రొఫెసరు!” అని అత్త వెక్కిరించింది. నాన్న ఆ పామును కర్రకి చుట్టి తీసుకెళ్ళి, దెబ్బ తగలకుండా గోడవతల వదిలిపెట్టాడు.

తొమ్మిదింటికి అత్త కనురెప్పలు వాలిపోసాగాయి. నిద్ర చాల్లేదంది. పదింటికి మంచినీళ్ళు మింగుడు పడలేదు. ఆస్పత్రికి చేరేసరికి పదకొండున్నర. ఎలాంటి పామని డాక్టరు అడిగితే నాన్న పుస్తకం తెరిచి చూపించాడు. డాక్టరు పల్చటి కాగితం పైకెత్తి బొమ్మ చూశాడు, కాగితం మీది అక్షరాలు చూశాడు.

“బొమ్మ కట్లపాముది. పేరేమో ఇంకోదానిది. తెల్లవారగానే తెచ్చి ఉంటే...” అన్నాడట. ఆ మాట పూర్తి చెయ్యలేదట.

“తర్వాత కాలేజీ లైబ్రరీలో ఇంకో ప్రతి చూశాను” అన్నాడు నాన్న. “అందులో సరిగ్గానే ఉంది. పిచ్చెక్కినట్టైంది. మూడోది దొరికితే అందులో తప్పు. అప్పట్నుంచి కనబడిన ప్రతి ఒక్కటీ కొంటూ వచ్చాను, ఇంకెవరూ ఆ బొమ్మ చూసి మోసపోకూడదని. సరైనవి పై అరలో, తప్పువి కింద. కొన్ని అలా, కొన్ని ఇలా ఎందుకయ్యాయో నలభై ఆరేళ్ళుగా తెలియదు. ఇవాళ ఆవిణ్ణి అడగాల్సింది.”

“మరి వచ్చేశావెందుకు?”

“చెయ్యి లేస్తుందేమోనని భయమేసింది.”

ఇంటికొచ్చాక అమ్మని వంటింట్లో పట్టుకుని అడిగాను, నీకు తెలుసా అని.

“పెళ్ళయిన వారానికే చెప్పారు. ‘నీకు నాతో ఉండాలనిపిస్తేనే ఉండు’ అన్నారు. ఏం మనిషో!” అంది. గిన్నె తోముతూ, “ఆ పుస్తకాలు కొనడం మానేస్తే ఈయన ఏమైపోతారోనని నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు” అంది.

మూడు వారాలు నాన్న బీరువా తలుపు తియ్యలేదు. పేపరు కూడా సరిగ్గా చదివేవాడు కాదు. నాలుగో వారం ఒక పొద్దున, “ఆ చీటీ ఉందా?” అన్నాడు. కింది అర చివరినుంచి తన మొదటి ప్రతిని తీసి తువ్వాల్లో చుట్టుకున్నాడు.

ఆవిడ ఉండేది ఒక మేడ మీది రెండు గదుల్లో. కింద కుట్టుమిషన్లు గిరగిర తిరుగుతున్నాయి. ముందు గదిలో పొడుగాటి బల్ల, బైండింగ్ దారం ఉండలు, పుస్తకాల్ని నొక్కిపెట్టే చెక్క మర. ఆవిడ ఇప్పటికీ ఆఫీసు రిజిస్టర్లు కుడుతోంది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. స్టూలు మీది కాగితాలు తీసి, నాన్నని కూర్చోమంది.

“ఎందుకలా జరిగిందో చెప్పండి” అన్నాడు నాన్న.

చెప్పింది. అప్పుడు ఆమెకి పదిహేడేళ్ళు. ప్రెస్సులో అందరికన్నా చిన్నది. బల్ల మీద ఎడమవైపు పద్నాలుగో బొమ్మ కాగితాల కట్ట, కుడివైపు పదిహేనోది.

“పొద్దున రెండువందల దాకా అంటించాను. భోజనానికి లేచాం. తిరిగొచ్చేసరికి ఎవరో బల్ల తుడిచి కట్టలు మళ్ళీ పెట్టారు. ఎడమది కుడికి, కుడిది ఎడమకి. నేను చూడకుండా అలాగే అంటించుకుంటూ పోయాను. నాకు చదువొచ్చు అన్నయ్యగారూ. చదవలేదు.”

ఏడాది తర్వాత పుస్తకం రాసిన పెద్దాయన ఒక ప్రతి పట్టుకుని ప్రెస్సుకి వచ్చి గోల చేశాడట. కొన్న అందరికీ సవరణ చీటీ అచ్చు వేసి పంపుతానని యజమాని ఆయన చేతులు పట్టుకుని మరీ చెప్పాడట.

“ఆయన గేటు దాటగానే మా యజమాని నవ్వాడు. ‘పుస్తకం చూసి పామును పోల్చుకునేవాడు ఎవడుంటాడు?’ అన్నాడు. చీటీ వెయ్యలేదు. నేను పక్కనే ఉన్నాను. ఆ తప్పు ఎవరిదని ఎవరూ అడగలేదు, నాదని నేనూ చెప్పలేదు. పెళ్ళి, పిల్లలు, వాళ్ళ చదువులు... చేతులు ఖాళీ అయ్యాక వెతకడం మొదలుపెట్టాను. దొరికినదాన్ని సరిచేసి ఏదో ఒక లైబ్రరీకి ఇచ్చేస్తాను.”

నాన్న తువ్వాలు విప్పి పుస్తకం బల్ల మీద పెట్టాడు.

“అలా పోల్చుకున్నవాణ్ణి నేను” అన్నాడు. “మా చెల్లెలు పోయింది.”

కింద మిషన్లు ఆడుతూనే ఉన్నాయి. ఆవిడ రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టింది, పడిపోకుండా పట్టుకున్నట్టు.

“ఎంత వయసు?”

“పంతొమ్మిది.”

“ఎవరికైనా ఏదైనా జరిగిందేమోనని అనుకుంటూనే ఉన్నాను” అంది. “ఎవరో తెలియనంత కాలం, ఎవరికీ ఏమీ కాలేదేమోలే అని కూడా అనుకునేదాన్ని.”

“ఇప్పుడు తెలిసిందిగా” అన్నాడు నాన్న. ఆయన గొంతు అంత కటువుగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

ఆవిడ క్షమించమని అడగలేదు. కళ్ళు తుడుచుకోలేదు కూడా. అవి అలా కారుతూనే ఉన్నాయి. నేను లేచి ఆమె పక్కకి వెళ్ళాలో నాన్న పక్కనే ఉండాలో తెలియక, ఉన్నచోటే ఉండిపోయాను.

అప్పుడు నాన్న ఎవరూ అడగని పని చేశాడు. పుస్తకం చివరి పేజీ తీసి ఆవిడ వైపు తిప్పాడు.

“ఇది చదవండి.”

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మెల్లగా చదివింది: “ఏ పాము కరిచినను, అది విషము గలదా లేనిదా అని ఇంటిలో తర్కించుచు కూర్చొనరాదు. తక్షణమే వైద్యుని యొద్దకు పోవలెను.”

“ఈ పేజీ నలభై ఒక్క ప్రతుల్లోనూ సరిగ్గానే ఉంది” అన్నాడు నాన్న. “నేను బొమ్మలు చూశాను. చివరి పేజీ దాకా పోలేదు. మా నాన్న చొక్కా విప్పించింది పుస్తకం కాదు, నేను. నాకూ చదువొచ్చమ్మా.”

నాన్న పుస్తకం మళ్ళీ తువ్వాల్లో చుట్టుకున్నాడు. లేచేటప్పుడు నాన్న, “ఆదివారం రండి. అమ్మాయి వచ్చి తీసుకొస్తుంది” అన్నాడు.

అలా ఆరు ఆదివారాలు ఆవిణ్ణి నేనే తీసుకొచ్చి, నేనే దింపాను. పిన్నిగారూ అని పిలవడం ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచి, కింది అర పుస్తకాలు నాలుగేసి చొప్పున ముందేసుకునేది. మొదటి ఆదివారం అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. రెండో ఆదివారం గుమ్మంలో నిలబడి, “టీలో చక్కెర ఎంత వేసుకుంటారు?” అని అడిగింది. మూడో ఆదివారానికి కుంచె కడిగి ఇవ్వడం మొదలుపెట్టింది.

ఒకరోజు ఆవిడ పై అరలోంచి కూడా కొన్ని తీయించి చూసింది. వాటిలో నాలుగింటిని పక్కన పెట్టి, “ఇవి నేను సరిచేసినవే. ఇదిగో, ఈ మూల జిగురెక్కువైంది” అంది. ఏ లైబ్రరీలోంచి ఎలా బయటికొచ్చాయో, తిరిగి తిరిగి నాన్న చేతికే చేరాయి. నాన్న ఆ జిగురు మరకని వేలితో తడిమి, “ఇదేమిటా అని చాలాసార్లు అనుకున్నాను” అన్నాడు.

సరిచేసినవాటిని నేను కారులో వేసుకుని పంచాను. కాలేజీకి రెండు, బడులకి, ఆస్పత్రిలో నర్సుల గదికి. ఒక లైబ్రేరియన్, “పాతవి తీసుకోమండీ, పురుగు పడుతుంది” అని తిప్పి పంపాడు. ఇంకో బడిలో పంతులమ్మ అక్కడికక్కడే తెరిచి, పిల్లల్ని పిలిచి కప్పల బొమ్మలు చూపించింది.

ఆరో ఆదివారానికి ఒక్కటే మిగిలింది, నాన్న మొదటి ప్రతి.

“ఇది మాత్రం వద్దు” అన్నాడు. “ఎవరికీ ఇవ్వను. బీరువాలోనే ఉంటుంది. ఇలాగే ఉండనివ్వండి.”

ఆవిడ కుంచె కింద పెట్టింది. “మీకు నచ్చకపోయినా ఒక మాట చెప్తాను. మీరుండగా ఎవరూ తియ్యరు. మీ తర్వాత ఎవరో ఒకరు తీస్తారు అన్నయ్యగారూ.”

నాన్న నావైపు చూశాడు. కుర్చీ ముందుకు లాక్కుని, “ఎలా చెయ్యాలో చెప్పండి” అన్నాడు.

ఎంత తడపాలో, ఎంతసేపు ఆగాలో ఆవిడ చెప్పింది. ముప్పై అయిదేళ్ళు గాజుసీసాలు పట్టుకున్న చేతులతో నాన్న కుంచె అందుకున్నాడు. కట్లపాము మీది కాగితం ఊడి వచ్చేటప్పుడు మూల కొంచెం చిరిగింది. కొత్తచోట కాస్త వంకరగా అతుక్కుంది. సరిచేస్తానని ఆవిడ అనలేదు. మధ్యలో మైనపు కాగితాలు పెట్టి, పుస్తకం మూసి, పైన బరువు పెట్టింది.

“ఆరడానికి గంట పడుతుంది” అంది.

అందరం అలాగే కూర్చున్నాం. అమ్మ కూడా కుర్చీ లాక్కుంది. అప్పుడు ఆవిడ నాన్నని అడిగింది.

“మీ చెల్లెలు ఎలా ఉండేది?”

ఎలా పోయిందని ఆయన్ని చాలామంది అడిగి ఉంటారు. ఎలా ఉండేదని ఎవరూ అడిగినట్టు లేదు. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో నాన్న వెతుక్కున్నాడు.

“ఈల వేసేది” అన్నాడు. “నోట్లో రెండు వేళ్ళు పెట్టి. మా నాన్న తిట్టేవాడు. క్యారంబోర్డు ఆడితే ఎర్రకాయ మాయమయ్యేది. సైకిలు నేనే నేర్పాను. ఒక్క పూటలో వచ్చేసింది గానీ, ఆపడం రాలేదు. బ్రేకు పట్టుకోవే అని నేను వెనకనుంచి అరుస్తుంటే, సైకిలు వదిలేసి దూకేసేది. సైకిలు పోయి ఎవరి గుమ్మంలోనో పడేది. నేను వెళ్ళి వాళ్ళ చేత తిట్లు తిని తెచ్చుకునేవాణ్ణి.”

“ఇన్నేళ్ళలో ఈ ముక్క నాకు చెప్పనేలేదు” అంది అమ్మ.

“ఒకసారి ఇంకా ఘోరం చేసింది” అన్నాడు నాన్న. చెప్పబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో మాకు తెలియలేదు.

“ఏం చేసింది?” అంది ఆవిడ, కళ్ళజోడు తీసి బల్ల మీద పెడుతూ.

నాన్న చెప్పడం మొదలుపెట్టాడు.